వీఆర్ ప్రయోగాన్ని మధ్యలో ఆపేసినవారిని లెక్కలోంచి తీసేయవచ్చా?

ప్రశ్న: నడకబాట

నేను హ్యూమన్-కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో పరిశోధన చేస్తున్నాను. వర్చువల్ రియాలిటీలో మనిషి ఒక చోటి నుంచి మరో చోటికి కదలడానికి ఏ పద్ధతి అనువుగా ఉంటుంది, ఆ పద్ధతిని బట్టి ‘నేను నిజంగా ఇక్కడే ఉన్నాను’ అనే అనుభూతి ఎంత మారుతుంది అన్నది నా అంశం. మా ల్యాబ్‌లో నడవడానికి ఉన్న ఖాళీ 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు మాత్రమే. హెడ్‌సెట్‌లో కనిపించే భవనం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. పొడవాటి వరండాలు, వరుసగా గదులు, మలుపులు, ఒక పక్క రెయిలింగ్ ఉన్న బాల్కనీ అందులో ఉన్నాయి. ఒకే వ్యక్తి వేర్వేరు రోజుల్లో వచ్చి మూడు పద్ధతుల్లో ఆ భవనమంతా తిరగాలి. మొదటిది జాయ్‌స్టిక్ నెడుతూ ముందుకు సాగడం. రెండోది కంట్రోలర్‌తో చూపిన చోటికి ఒక్కసారిగా చేరుకునే టెలిపోర్టేషన్. మూడోది మనిషి తన కాళ్లతో నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ అతనికి తెలియకుండా దారిని కొద్దికొద్దిగా వంచే రీడైరెక్టెడ్ వాకింగ్. ప్రతి రోజూ చివర్లో సిమ్యులేటర్ సిక్‌నెస్ (ఇలాంటి కృత్రిమ దృశ్యాల్లో కదలడం వల్ల కలిగే వికారం, కంటి శ్రమ వంటి అస్వస్థత) ప్రశ్నావళిని, అక్కడ ఉన్నామన్న అనుభూతిని కొలిచే మరో ప్రశ్నావళిని నింపిస్తున్నాము.

అసలు ప్రయోగానికి ముందు చేసిన పైలట్‌లో నలుగురు జాయ్‌స్టిక్ రోజున మధ్యలోనే హెడ్‌సెట్ తీసేశారు. మిగిలిన రెండు పద్ధతుల్లో ఎవరూ ఆపలేదు. ఆ నలుగురినీ తొలగించి, వారి స్థానంలో కొత్తవారిని తీసుకుని, పద్ధతులు ఇచ్చే వరుసక్రమం చెడకుండా చూసుకుంటే సరిపోతుందని మా గైడ్ అభిప్రాయం. వ్యాసంలో ‘అసౌకర్యం వల్ల నలుగురిని మినహాయించాము’ అని ఒక వాక్యం రాయమన్నారు. ఆయన చెప్పినట్టు తీసేసి చూశాను. జాయ్‌స్టిక్‌కూ టెలిపోర్టేషన్‌కూ మధ్య సిక్‌నెస్ స్కోరులో తేడా దాదాపు కనిపించకుండా పోయింది. అక్కడే నాకు మనసొప్పడం లేదు.

ఆ నలుగురిలో ఒకరిని నేను దగ్గర నుంచి చూశాను. రెండో మలుపు దగ్గర ఆమె ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి, అక్కడ లేని రెయిలింగ్ కోసం గాలిలో వెతికింది. మోకాళ్లు కొద్దిగా వంగాయి. ‘బాగానే ఉందా?’ అని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ‘బాగానే ఉంది’ అన్నారు. కాసేపటికి ఇక చాలని హెడ్‌సెట్ తీసి, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఆ స్థితిలో ఉన్న మనిషి చేతికి ప్రశ్నావళి ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. అందువల్ల మా డేటాలో ఆమె పేరిట ఒక ఖాళీ వరుస మాత్రమే మిగిలింది.

ఆ ఖాళీ వరుసను ఏం చేయాలి? మరొక సందేహం కూడా ఉంది. అక్కడ ఉన్నామన్న అనుభూతి స్కోర్లు మూడు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకేలా వచ్చాయి. నడిచినవారి ప్రవర్తన మాత్రం జాయ్‌స్టిక్ వాడినవారి ప్రవర్తనలా అస్సలు లేదు. నేను కొలవవలసినదాన్నే కొలుస్తున్నానా?

సమాధానం: లోచెవి

మీకు మనసొప్పకపోవడం సరైనదే. ఆపేసినవారు మీ ఫలితానికి అడ్డుపడినవారు కారు, మీ ఫలితంలో అత్యంత స్పష్టమైన భాగం వారే. ఒక పద్ధతి కొందరిని భరించలేని స్థితికి తీసుకువెళ్తుందా అన్నది మీ ప్రశ్న అయినప్పుడు, భరించలేకపోయినవారిని తీసేసి భరించగలిగినవారి సగటు చెప్పడం అంటే జవాబును చెరిపేసి ప్రశ్నను మళ్లీ రాసుకోవడమే. నలుగురిని తీసేయగానే తేడా మాయమైందని మీరే అంటున్నారు. ఆ తేడా ఆ నలుగురిలోనే ఉందన్నమాట.

ఇక ప్రశ్నావళి సంగతి. మీరు వాడుతున్నది 1993లో రాబర్ట్ కెనెడీ, ఆయన సహచరులు ప్రచురించినది. సైనిక పైలట్లు ఫ్లైట్ సిమ్యులేటర్లలో శిక్షణ పొందుతున్నప్పుడు సేకరించిన డేటా నుంచి దాన్ని తయారుచేశారు. 16 లక్షణాలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, వాటి నుంచి వికారం, కంటి శ్రమ, దిక్కుతోచకపోవడం అనే మూడు ఉపస్కోర్లు వస్తాయి. ఈ మూడింటి మొత్తాలను వరుసగా 9.54, 7.58, 13.92 తో గుణిస్తారు. మొత్తం స్కోరుకైతే మూడు మొత్తాలనూ కలిపి 3.74 తో గుణిస్తారు. కొన్ని లక్షణాలు రెండేసి ఉపస్కోర్లలో లెక్కకు వస్తాయి. ఉదాహరణకు వికారం మొదటిదానిలోనూ మూడోదానిలోనూ ఉంటుంది. అందుకే మొత్తం స్కోరు గరిష్ఠంగా 235.62 వరకు వెళ్తుంది. దీన్ని నూటికి ఇన్ని మార్కులన్నట్టు చదివేవారిని నేను చాలాసార్లు చూశాను, అది తప్పు. పైగా పైలట్లు ఎంపికై వచ్చిన మనుషులు, కదలికకు అలవాటుపడిన శరీరాలు. వారి నుంచి పుట్టిన కొలతలో మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకున్న వ్యక్తి స్కోరు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఈ ప్రశ్నావళిని చివర్లో మాత్రమే నింపించడం. చివరి వరకు ఉన్నవారే చివర్లో నింపుతారు. కేశవర్జ్, హెక్ట్ 2011లో ప్రతిపాదించిన పద్ధతి మీకు ఉపయోగపడుతుంది. నిమిషానికి ఒకసారి ‘0 నుంచి 20 వరకు ఎంత?’ అని అడుగుతారు, పాల్గొన్నవారు హెడ్‌సెట్ తీయకుండానే ఒక అంకె చెబుతారు. అలా చేసి ఉంటే మీ ఖాళీ వరుసలో కనీసం ఆపేసే ముందు వరకు ఆమె చెప్పిన అంకెలు ఉండేవి, అవి ఎంత వేగంగా పెరిగాయో కనిపించేది. ‘బాగానే ఉందా?’ అనే ప్రశ్నకు మర్యాద కొద్దీ ‘బాగానే ఉంది’ అని అనడం చాలా తేలిక. అంకె అడిగినప్పుడు మనిషి ఒక్క క్షణం తన శరీరం వైపు చూసుకోక తప్పదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. లక్షణాల గురించి ముందుగా అడగడమే వాటిని పెంచవచ్చు. యంగ్, ఆడెల్‌స్టీన్, ఎల్లిస్ 2007లో ప్రచురించిన పనిలో, ప్రయోగానికి ముందూ తర్వాతా ప్రశ్నావళి నింపినవారు తర్వాత మాత్రమే నింపినవారికంటే ఎక్కువ అస్వస్థతను చెప్పారు. అందువల్ల ఏ పద్ధతి ఎంచుకున్నా, మూడు రోజులూ ఒకే విధంగా, ఒకే మాటలతో అడగండి.

సమాధానం: లెక్కలగది

మీ గైడ్ గారి వాదనలో కూడా ఒక న్యాయం ఉంది, దాన్ని పూర్తిగా తోసిపుచ్చకండి. ఏ పద్ధతి ముందు, ఏది తర్వాత అన్న సమతూకం చెడితే, అలవాటు పడటం వల్ల వచ్చిన మార్పూ పద్ధతి వల్ల వచ్చిన మార్పూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హెడ్‌సెట్‌కు శరీరం రోజులు గడిచేకొద్దీ అలవాటు పడుతుంది కాబట్టి మీ ప్రయోగంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. అందువల్ల కొత్తవారిని చేర్చుకోండి, పాతవారిని మాత్రం తీసేయకండి.

విశ్లేషణలో ‘ఎంత సేపటికి ఆపారు’ అన్నదాన్నే ఒక కొలతగా తీసుకోవచ్చు. వైద్య పరిశోధనల్లో రోగి ఎంతకాలం జీవించాడో లెక్కించే సర్వైవల్ విశ్లేషణే ఇక్కడ పనికివస్తుంది. చివరి వరకు తిరిగినవారిని ‘కనీసం ఇంతసేపు ఆపలేదు’ అని నమోదు చేస్తాము, ఆపినవారికి ఆపిన నిమిషం ఉంటుంది, ఖాళీ వరుస అనేదే మిగలదు. ఒకే వ్యక్తి మూడుసార్లు వస్తారు కాబట్టి ఆ సంబంధాన్ని గణాంక నమూనాలో (మోడల్‌లో) చూపించడం మరవకండి. లోపించిన స్కోర్లను సగటుతో నింపే పని మాత్రం చేయవద్దు. ఆ స్కోర్లు యాదృచ్ఛికంగా పోలేదు, స్కోరు ఎక్కువ కావడం వల్లనే పోయాయి. వారి స్థానంలో సగటు పెడితే, అందరికంటే ఎక్కువ బాధపడినవారికి మామూలు మనుషుల మార్కులు వేసినట్టు అవుతుంది. ఇదంతా అసలు ప్రయోగం మొదలయ్యే ముందే రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక నిర్ణయించుకున్నది ఎంత మంచి నిర్ణయమైనా, చదివేవారికి అనుమానం కలుగుతుంది.

సమాధానం: వంపుదారి

నేను ఈ కదలిక పద్ధతులనే కొన్నేళ్లుగా తయారుచేస్తున్నాను. పై ఇద్దరూ విశ్లేషణ గురించి చెప్పారు కాబట్టి నేను మీ మూడో పద్ధతి గురించే రాస్తాను, ఎందుకంటే 4 మీటర్ల గది అనగానే నాకు ఆందోళన కలిగింది.

రీడైరెక్టెడ్ వాకింగ్‌ను 2001లో షరీఫ్ రజాక్, ఆయన సహచరులు పరిచయం చేశారు. మనిషి తల తిప్పినప్పుడు, నడిచినప్పుడు దృశ్యాన్ని కొద్దిగా అదనంగా తిప్పితే, తాను తిన్నగా వెళ్తున్నాననుకుంటూనే అతను తెలియకుండా దారి సరిచేసుకుంటాడు. ఎంత తిప్పితే తెలియదు అన్న ప్రశ్నకు ఎక్కువమంది చూపించేది స్టైనికే, ఆయన సహచరులు 2010లో ఇచ్చిన అంకెలను. దృశ్యంలో కనిపించే మలుపుకంటే శరీరాన్ని దాదాపు 49 శాతం ఎక్కువగా గానీ 20 శాతం తక్కువగా గానీ తిప్పించవచ్చు. అంటే భవనంలో 90 డిగ్రీల మలుపు తిరిగిన వ్యక్తి గదిలో 72 నుంచి 134 డిగ్రీల వరకు ఎంతైనా తిరిగి ఉండవచ్చు. దూరాలను 14 శాతం కుదించవచ్చు, 26 శాతం పెంచవచ్చు. తిన్నగా నడుస్తున్నామన్న నమ్మకంతోనే మనిషిని గుండ్రంగా నడిపించాలంటే ఆ వలయం వ్యాసార్ధం కనీసం 22 మీటర్లు ఉండాలి.

ఈ చివరి అంకెను మీ గది పక్కన పెట్టి చూడండి. వ్యాసార్ధం 22 మీటర్లంటే వలయం అడ్డంగా 44 మీటర్లు, మీ గది 4 మీటర్లు. కాబట్టి మీ ప్రయోగంలో మనిషి కొన్ని అడుగులకు ఒకసారి గోడ దగ్గరికి వచ్చి ఆగవలసి వస్తుంది, సాఫ్ట్‌వేర్ అతన్ని వెనక్కి తిప్పవలసి వస్తుంది. అలా తిప్పడానికి వాడే ఒక పద్ధతిలో శరీరం 180 డిగ్రీలు తిరుగుతుంటే దృశ్యం 360 డిగ్రీలు తిరుగుతుంది. అది పై హద్దులు దాటిపోయినదే, మనిషికి తెలిసేదే. అందువల్ల మీ మూడో పద్ధతి పేరు ‘రీడైరెక్టెడ్ వాకింగ్’ అని మాత్రమే రాస్తే సరికాదు. ‘మాటిమాటికీ ఆగి తిరుగుతూ నడవడం’ అన్నదే నిజమైన వర్ణన, ఎన్నిసార్లు ఆగవలసి వచ్చిందో ప్రతి వ్యక్తికీ లెక్కపెట్టి ప్రచురించాలి.

ఆ హద్దుల అర్థాన్ని కూడా చాలామంది పొరపాటుగా చదువుతారు. వాటిలోపల ఉంటే ఎవరికీ తెలియదని కాదు. ‘దృశ్యం నా శరీరంకంటే ఎక్కువ తిరిగిందా, తక్కువ తిరిగిందా?’ అని రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నప్పుడు, జవాబులు నాలుగింట మూడు వంతుల మేర ఒకే వైపు మొగ్గే చోటును హద్దుగా తీసుకున్నారు. అది సగటున వచ్చిన గీత, కొందరు అంతకంటే చాలా ముందే పసిగడతారు. మీ నలుగురిలో ఎవరైనా నడిచిన రోజున కూడా అసౌకర్యంగా కనిపించారేమో చూడండి.

మీ భవనంలో గదులూ వరండాలూ ఉన్నాయి కాబట్టి మరొక దారి ఉంది. మనిషి వీపు తిప్పినప్పుడు వెనక ఉన్న తలుపును పక్క గోడకు మార్చేసి, అతన్ని అదే ఖాళీలో మళ్లీ మళ్లీ నడిపించే పద్ధతిని ఇవాన్ సూమా బృందం 2011లో పరీక్షించింది. రెండు ప్రయోగాల్లో కలిపి 77 మందిలో ఒక్కరే ఆ మార్పును నిశ్చయంగా గుర్తించారు. చిన్న గదికి ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనిపించలేదు. అయితే భవనం పటాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా మీరు కొలుస్తుంటే ఇది వాడకండి. తలుపులే కదిలిపోయే భవనానికి పటం ఉండదు.

జాయ్‌స్టిక్ గురించి రెండే మాటలు. మలుపులో దృశ్యం ఏకధాటిగా తిరుగుతోందా, లేక 30 డిగ్రీల చొప్పున కోసినట్టు మారుతోందా? ఏకధాటిగా తిరుగుతుంటే కళ్లు ‘తిరుగుతున్నాను’ అంటాయి, లోపలి చెవిలోని సమతుల్య అవయవం ‘నిలబడే ఉన్నాను’ అంటుంది. వికారానికి కారణం ఈ వైరుధ్యమేనని ఎక్కువమంది చెప్పే వివరణ. కదిలేటప్పుడు చూపు అంచులను నెమ్మదిగా చీకటి చేస్తే అసౌకర్యం తగ్గుతుందని ఫెర్నాండెస్, ఫైనర్ 2016లో చూపించారు. రెండో మాట, హెడ్‌సెట్ కటకాల మధ్య దూరాన్ని ఒక్కొక్కరి కనుపాపల మధ్య దూరానికి సరిచేశారా? స్టానీ, ఆమె సహచరులు 2020లో ప్రచురించిన పనిలో, స్త్రీలలో అస్వస్థత ఎక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఈ దూరం సరిపడకపోవడమేనని తేలింది. ఆపేసిన నలుగురికీ ఆ కొలత తీసుకున్నారో లేదో ముందు చూడండి.

సమాధానం: ఆరడుగులగుంత

అక్కడ ఉన్నామన్న అనుభూతి స్కోర్లు ఒకేలా వచ్చాయన్నారు. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మార్టిన్ ఉసో, మెల్ స్లేటర్, వారి సహచరులు 2000లో కొందరిని నిజమైన ఆఫీసు గదిలోకి, మరికొందరిని అదే గది వర్చువల్ నమూనాలోకి పంపి, ఇద్దరికీ ఇవే తరహా ప్రశ్నావళులు ఇచ్చారు. ఆ కొలతలు నిజమైన గదినీ వర్చువల్ గదినీ తేటగా వేరు చేయలేకపోయాయి. నిజానికీ బొమ్మకూ తేడా చెప్పలేని కొలత, జాయ్‌స్టిక్‌కూ టెలిపోర్టేషన్‌కూ తేడా చెప్పాలని ఆశించడం న్యాయం కాదు.

దానికి బదులు శరీరాన్ని చూడండి. 2002లో మైకేల్ మీహన్, మేరీ విట్టన్, ఫ్రెడరిక్ బ్రూక్స్ బృందం చేసిన పని ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మామూలు గది, దాని పక్కన మరో గది, ఆ రెండో గదిలో నేల ఉండవలసిన చోట సుమారు 6 మీటర్ల లోతు గుంత, గోడల వెంట సన్నని అంచు. అంచు మీద నిలబడినవారి గుండె వేగం పెరిగింది. ఇంకా విశేషమేమిటంటే, పాదాల కింద నిజంగానే 4 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న ఒక చెక్క పెట్టి, కాలి వేళ్లకు దాని అంచు తగిలేలా చేస్తే ఆ వేగం మరింత పెరిగింది. కళ్లకు 6 మీటర్లు, కాలికి ఒక చిన్న చెక్క. ఆ రెండూ కలిసి గుండెను ఒప్పించాయి.

మీరు చూసిన ఆ ఎడమ చెయ్యి నా దృష్టిలో అలాంటి సాక్ష్యమే. అక్కడ రెయిలింగ్ లేదని ఆమెకు తెలుసు, అయినా చెయ్యి వెతికింది. స్లేటర్ 2009లో రెండు భ్రమలను విడదీసి చెప్పారు. ఒకటి ‘నేను ఈ చోటులో ఉన్నాను’ అన్నది, రెండోది ‘ఇక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతోంది’ అన్నది. అబద్ధమని తెలిసి కూడా శరీరం నిజమన్నట్టు ప్రవర్తించడమే వీటికి గుర్తు. తల, చేతుల ట్రాకింగ్ డేటా మీ దగ్గర ఎలాగూ ఉండి ఉంటుంది. బాల్కనీ అంచు దగ్గర ఎవరు ఎంత వెనకగా నిలబడ్డారు, ఎవరి నడక మందగించింది, ఎవరి చెయ్యి రెయిలింగ్ వైపు వెళ్లింది అన్నవి అందులోంచి తీయవచ్చు. అయితే ఒక మాట చెప్పాలి. ఆమె విషయంలో ఆ చెయ్యి తూలకుండా ఆసరా వెతికిందా, లేక రెయిలింగ్‌ను నమ్మి చాచిందా? రెండూ ఒకేసారి కూడా కావచ్చు. అస్వస్థతనూ అనుభూతినీ ఆ ఒక్క కదలికతో వేరు చేయలేము, అందువల్ల నిమిషానికోసారి చెప్పే అంకెను ఆ కదలికల పక్కన పెట్టుకునే చదవాలి.

ఆ డేటాను ఎలా దాస్తున్నారన్నది కూడా ఆలోచించండి. మిల్లర్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన పనిలో 511 మంది కదలికలను తీసుకుని, 5 నిమిషాలలోపు ట్రాకింగ్ డేటాతో 95 శాతానికి పైగా సరిగ్గా ఎవరు ఎవరో గుర్తించగలిగారు. పేరు తీసేస్తే చాలుననుకునేది ఈ డేటా కాదు. ఆపేసిన నలుగురి విషయంలో ఇది మరింత సున్నితం. ప్రయోగాన్ని ఆపడం వేరు, తన డేటాను వాడవద్దనడం వేరు. హెడ్‌సెట్ తీసేసినంత మాత్రాన సమ్మతి వెనక్కి తీసుకున్నట్టు కాదు, అలాగని తీసుకోనట్టూ కాదు. వారిని అడిగితేనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: నడకబాట

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం ఆ నలుగురికీ విడివిడిగా ఉత్తరం రాసి అడిగాను. ముగ్గురు తమ డేటా వాడుకోమన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్నవారి ట్రాకింగ్ డేటాను తీసేసి, ‘ఒకరు డేటా వెనక్కి తీసుకున్నారు’ అన్న సంఖ్యను మాత్రం ఉంచాను. కనుపాపల దూరం విషయంలో తప్పు నాదే. మొదటి రోజు కొలిచి, ఆ తర్వాతి రోజుల్లో వేరొకరు వాడిన అమరికతోనే హెడ్‌సెట్ ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇకనుంచి ప్రతి రోజూ కొలిచి, ఆ అంకెను కాగితం మీద రాస్తాము. జాయ్‌స్టిక్ మలుపు ఏకధాటిగానే తిరుగుతోంది.

మా గైడ్‌కు లెక్కలగది గారి సమాధానం చూపించాను. కొత్తవారిని చేర్చుకుంటూనే పాతవారిని ఉంచడానికి ఆయన అంగీకరించారు. తలుపులు మార్చే పద్ధతిని నాలుగో పద్ధతిగా చేర్చవచ్చునా అని ఆయనే అడిగారు, కాబట్టి వంపుదారి గారిని మళ్లీ ఇబ్బంది పెట్టవలసి రావచ్చు.

ఒక్క సందేహం మిగిలింది. నిమిషానికోసారి అంకె అడిగేటప్పుడు ఎవరైనా 15 అని చెప్పి కూడా కొనసాగిస్తానంటే, మేమే ఆపవచ్చా? ఆపితే ఆ నిమిషం వారు ఆపిన నిమిషంగా లెక్కకు వస్తుందా?

సమాధానం: లోచెవి

ఆపవచ్చు, ఆపాలి కూడా. ఏ అంకె దగ్గర ఆపుతారో ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలోనూ, పాల్గొనేవారికి ఇచ్చే సమ్మతి పత్రంలోనూ ముందే రాయండి. అప్పుడు ‘నన్ను అసమర్థుడిగా చూసి ఆపారు’ అని ఎవరికీ అనిపించదు. నమోదులో మాత్రం ‘తానే ఆపారు’, ‘మేము ఆపాము’ అని రెండు వేర్వేరు గళ్లు పెట్టండి. ఆ రెండింటినీ కలిపి ఒకసారి, విడిగా ఒకసారి విశ్లేషించండి. ఆపిన తర్వాత కనీసం లక్షణాలు తగ్గేవరకు వారిని పంపకండి, ముఖ్యంగా వాహనం నడుపుకుంటూ వెళ్లేవారిని. అలా కూర్చున్న సమయంలో పది నిమిషాలకోసారి అదే అంకె మళ్లీ అడిగి రాసుకోండి. జాయ్‌స్టిక్ తర్వాత ఆ అంకె ఎంత నెమ్మదిగా కిందికి దిగుతుందో చూశాక, మీ వ్యాసంలో మరో గ్రాఫ్ అవసరమవుతుంది.